మేకకు డబ్బు ఇచ్చి మేతకు ఇవ్వకపోతే ఎలా?
ప్రత్యేక అవసరాలున్న పిల్లల తోటపని, పశువుల పని గురించి అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్య, పశుసంవర్ధక, ఉద్యాన, మహిళా శిశు సంక్షేమ శాఖల అధికారులకు,

నమస్కారం.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలకు వచ్చే పిల్లలతో, కదల్లేక ఇంటి దగ్గరే ఉండిపోయిన పిల్లలతో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులం, ఫిజియోథెరపిస్టులం, పశువైద్య సహాయకులం, తోటపని నేర్పేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇదే విషయం మీద ఇదివరకు వినతిపత్రాలు ఇచ్చాం. ఒక కార్యాలయంలో ఇస్తే ఇది పశువుల సంగతి అన్నారు. ఇంకో కార్యాలయంలో ఇస్తే ఇది పిల్లల సంగతి అన్నారు. ఆ తర్వాత ఏ కాగితమూ రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

మేం అడుగుతున్నది ఇది: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు పట్టుతప్పడం), బుద్ధిమాంద్యం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు తోటపనిని, మేకలు కోళ్లు చూసుకునే పనిని చికిత్సలో భాగంగా, ఏడాది పొడవునా, ఒక పద్ధతి ప్రకారం చేయించనివ్వండి. ఏడాదికోసారి మొక్క నాటించి ఫొటో తీసుకునే కార్యక్రమం మాకు వద్దు. ఆ మొక్క వారానికి ఎండిపోతుంది. ఎండిన మొక్క దగ్గరికి మర్నాడు చెంబుతో నీళ్లు పట్టుకొచ్చే పిల్లాడికి ఏం చెప్పాలో మాకు తెలియదు.

ముందే ఒక మాట. తోట వల్ల, మేక వల్ల ఆటిజం పోతుందని మేం చెప్పడం లేదు. అలా చెప్పి తల్లిదండ్రుల దగ్గర డబ్బు గుంజేవాళ్లు ఊరూరా ఉన్నారు, వాళ్లతో మమ్మల్ని కలపొద్దు. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ, మందులు వేటి దారిన అవి సాగాల్సిందే. వాటిలో నేర్పినదాన్ని పిల్లలు రోజూ ఇష్టంగా చేయడానికి ఒక చోటు కావాలి. తోట, పశువుల కొట్టం అలాంటి చోట్లు. ఈ విషయంలో జరిగిన పరిశోధనలు చాలావరకు చిన్నవే, అయినా గట్టివి కొన్ని ఉన్నాయి. 2013లో ఆస్ట్రేలియాలో 99 మంది పిల్లలతో చేసిన అధ్యయనంలో, బొమ్మలు ఇచ్చినప్పటి కంటే గినీ పందులు (ఎలుక జాతి చిన్న పెంపుడు జంతువులు) దగ్గరున్నప్పుడు ఆటిజం ఉన్న పిల్లలు పక్కవాళ్లతో ఎక్కువగా కలిశారు. 2015లో అమెరికాలో 127 మంది ఆటిజం పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టును పది వారాలు గుర్రాలతో ఉంచారు. రెండో జట్టు అదే శాలలో గుర్రం లేకుండా పాఠాలు నేర్చుకుంది. గుర్రాలతో ఉన్న పిల్లల్లో చిరాకు, నిలకడలేనితనం ఎక్కువగా తగ్గాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూస్టర్‌లో గ్రీన్ చిమ్నీస్ అనే సంస్థ 1947 నుంచి పొలాన్నీ పశువులనూ ఆసరా చేసుకుని పిల్లలకు చదువు చెబుతోంది. మనకు గుర్రాలు అక్కర్లేదు, గినీ పందులూ అక్కర్లేదు. మన పెరళ్లలో మేకలున్నాయి, కోళ్లున్నాయి.

మేకకు రెమ్మ అందించడం పెద్దవాళ్లకు ఒక్క పని. చేతులు బిగుసుకుపోయిన పిల్లకు అది ఎనిమిది పనులు. రెమ్మ వైపు చూడాలి, చెయ్యి చాపాలి, వేళ్లు విప్పాలి, పట్టుకోవాలి, పట్టు జారకుండా కొట్టం దాకా రావాలి, మేక దగ్గరికి వచ్చేదాకా ఆగాలి, అది గుంజినప్పుడు తట్టుకోవాలి, చివరికి వదిలేయాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు అన్నిటికంటే కష్టం ఆ చివరిదే, వేళ్లు విప్పి వదలడం. గదిలో కూర్చోబెట్టి ప్లాస్టిక్ బంతి ఇస్తే పది సార్లకే మొహం తిప్పేస్తారు. అదే మేక గుంజితే పట్టు బిగిస్తారు, అది తింటుంటే తమంతట తామే వేళ్లు వదులు చేస్తారు, ఇంకో రెమ్మ కోసం చెయ్యి చాపుతారు. రెమ్మ మూరెడు పొడవుండాలి. పొట్టి రెమ్మ ఇస్తే మేక పెదవి వేళ్లకు తగిలి పిల్ల భయపడుతుంది, ఆపైన వారం రోజులు దగ్గరికి రాదు. అవిశ రెమ్మ అన్నిటికంటే మంచిది, ముల్లు ఉండదు, మేకకు ప్రాణం.

ఆటిజం పిల్లలను నేరుగా కొట్టంలోకి తీసుకెళ్లకూడదు. మేక అరుపు కొందరికి చెవిలో సూది దించినట్టు ఉంటుంది. మొదట పది అడుగుల దూరంలో కూర్చోబెట్టి ఊరికే చూడనివ్వాలి. ఆ రోజుకు అంతే. తర్వాత కంచె బయట నుంచి రెమ్మ. తర్వాత పొడుగు పిడి ఉన్న బ్రష్షుతో మేక వీపు మీద రుద్దడం. చేత్తో ముట్టుకోవడం ఆఖర్న, అదీ ముందు చేతి వెనక వైపుతో, ఎందుకంటే అరచేతికి స్పర్శ ఎక్కువ. ఒక మెట్టు ఎక్కడానికి ఒకరికి రెండు రోజులు పడితే ఇంకొకరికి రెండు నెలలు పడుతుంది. ఏ పని తర్వాత ఏ పనో చూపే బొమ్మల పట్టీ గోడకు కట్టాలి: చెప్పులు వేసుకోవడం, రెమ్మ తీసుకోవడం, మేకకు పెట్టడం, చేతులు కడగడం, తిరిగి రావడం. పట్టీలో లేని పని ఆ రోజు చేయించకూడదు.

తోటలో కూడా ఇంతే పట్టింపు కావాలి. నేల మీద మడి కడితే చక్రాల కుర్చీలో ఉన్న పిల్లకు అందదు. మడిని బల్లలా ఎత్తులో కట్టాలి. పై అంచు నేల నుంచి 75 సెంటీమీటర్లు, కింద మోకాళ్లు దూరడానికి 68 సెంటీమీటర్ల ఖాళీ. ఈ రెంటికీ మధ్య మట్టికి మిగిలేది తక్కువ కాబట్టి మోకాళ్లు దూరే వైపు లోతు తక్కువ పెట్టి, అవతలి వైపు 20 సెంటీమీటర్లకు దించాలి. ఇది తెలియక అంతటా ఒకే లోతు పెడితే కుర్చీ దూరదు, లేదంటే మొక్కకు వేరు పట్టదు. ఒక వైపు నుంచే అందే మడి వెడల్పు 60 సెంటీమీటర్లు దాటకూడదు. దారి నాలుగు అడుగులు, కుర్చీ తిరగడానికి ఐదు అడుగుల చోటు, కింద గట్టి నేల. కంకర పోస్తే చక్రం దిగబడుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపితే మడి తేలిగ్గా ఉంటుంది, నీరు నిలవదు.

వేళ్లు సరిగా కూడని పిల్లలకు చిక్కుడు, ఆనప, మొక్కజొన్న లాంటి పెద్ద గింజలు ఇవ్వాలి. తోటకూర విత్తనం ఇవ్వాలంటే గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లించాలి, లేకపోతే అంతా ఒకేచోట పడుతుంది. మెంతులు నాటిన మూడు నాలుగు రోజులకు మొలుస్తాయి. మొదటి పంటగా మెంతే పెట్టాలి, ఎందుకంటే నెలరోజులు ఎదురుచూడమంటే ఈ పిల్లలకు అర్థం కాదు. పాలకూర నెలకు మొదటి కోత వస్తుంది. నీళ్లకు జల్లు మూతి ఉన్న రోజ్ డబ్బా వద్దు, నిండితే బరువు. పావు లీటరు పట్టే రెండు చెవుల చెంబు చాలు. తవ్వుగోల పిడికి పాత సైకిల్ ట్యూబు చుడితే పట్టు దొరుకుతుంది.

తోటలోనూ చుట్టుపక్కలా గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, గురివింద ఉండనే కూడదు. కనబడింది నోట్లో పెట్టుకునే పిల్లలు మా దగ్గర చాలామంది. గురివింద గింజ ఎర్రగా మెరుస్తూ పిలుస్తున్నట్టే ఉంటుంది, కొరికితే ప్రాణం మీదికి వస్తుంది. మిరప కూడా వద్దు, కోసిన చేత్తో కళ్లు నులుముకుంటారు.

ఇంత చిన్న పని ఎక్కడ చెడుతోందంటే, కొనడానికి డబ్బు వస్తుంది, సాకడానికి రాదు. దాత ఎవరో రెండు మేకలు ఇస్తారు, ఫొటో పేపర్లో వస్తుంది. మేతకు, మందుకు, చూసే మనిషికి ఏ పద్దూ ఉండదు. ఏప్రిల్ చివర బడి మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఆ ఏడు వారాల్లో తోట మాడిపోతుంది, మేకలు ఎవరింటికో చేరతాయి. రోజూ అదే వేళకు, అదే మేకకు, అదే పని చేయడం వల్లే ఈ పిల్లలకు మేలు జరుగుతుంది. నడుమ రెండు నెలలు తెగిపోతే చాలామంది మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడతారు.

కాబట్టి మా కోరికలు ఇవి.

1. సాకుడు ఖర్చుకు పద్దు ఇవ్వండి. రెండు మేకలు, ఐదు కోళ్లు ఉన్న కేంద్రానికి లెక్క చెబుతాం. మేకకు రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చిమేత, 200 గ్రాముల దాణా. రెంటికీ నెలకు 12 కిలోల దాణా అవుతుంది. ఐదు కోళ్లకు నెలకు 18 కిలోల దాకా మేత. పచ్చిమేతకు మూడు సెంట్లలో నేపియర్ గడ్డి, కంచె పొడవునా అవిశ వేస్తే కొనక్కర్లేదు. బడి చదువుల పథకం సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాలున్న ఒక్కో బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల దాకా ఖర్చుపెట్టే నిబంధన ఉంది. అందులో ఒక భాగాన్ని ఈ పనికి వాడుకోవచ్చని రాతపూర్వకంగా చెప్పండి. నోటిమాట మీద ఖర్చుపెడితే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది, ఆ భయంతోనే చాలా కేంద్రాలు ముందుకు రావడం లేదు.

2. పొద్దున, సాయంత్రం రెండేసి గంటలు పనిచేసే మనిషిని ఏడాది పొడవునా పెట్టండి. సెలవుల్లో కూడా. ఆ పని పిల్లల తల్లుల్లో ఒకరికి ఇస్తే ఇంకా మంచిది. పిల్లను ఎత్తుకుని రోజూ కేంద్రానికి వచ్చే తల్లి ఇంకో కూలికి వెళ్లలేదు. ప్రత్యేక ఉపాధ్యాయుల మీద ఈ పని కూడా వేయకండి, పేడ ఎత్తి వచ్చి పాఠం చెప్పమంటే రెండూ చెడతాయి.

3. పశువైద్యుడి రాకకు తేదీలు పెట్టండి. మేకలకు పీపీఆర్ (మేకల ప్లేగు), చిటుకు రోగం టీకాలు, గాలికుంటు టీకా, వేళకు నట్టల మందు, పిడుదుల మందు పడాలి. కోళ్లకు కొక్కెర తెగులు టీకా వేయాలి. కేంద్రంలోకి రాకముందే మేకకు ఈసుడు రోగం (బ్రుసెల్లోసిస్) పరీక్ష చేయాలి. కొమ్ములు లేని బోడి మేకలే కావాలి, ఏడాది దాటినవి, చిన్నప్పటి నుంచి మనిషి చేతిలో పెరిగినవి, ఎప్పుడూ రెండు. ఒంటరి మేక అరుస్తూనే ఉంటుంది. పోతు వద్దు, కుమ్ముతుంది. కోళ్లలో హైదరాబాద్‌లో రూపొందిన వనరాజ, గ్రామప్రియ రకాలు నెమ్మదిగా ఉంటాయి. కోడిపుంజు వద్దు. మేక ఈనినప్పుడు, ఈసుకుపోయినప్పుడు (గర్భం పోయినప్పుడు) పిల్లలను, గర్భిణులను కొట్టం దగ్గరికి రానివ్వకూడదు. పుంగనూరు ఆవు అడుగుతారు కొందరు. పొట్టిగా, సాధువుగా ఉండే మాట నిజమే, కానీ ఆ ధరకు నాలుగు కేంద్రాలు నడుస్తాయి.

4. చేతులు కడిగే ఏర్పాటు లేని చోట అనుమతి ఇవ్వకండి. ఇది మా మీద మేమే పెట్టమంటున్న షరతు. పారే నీళ్లు, సబ్బు, 20 సెకన్లు. శానిటైజర్ చాలదు, పశువుల పేడలో ఉండే కొన్ని క్రిములు దానికి చావవు. 2009లో ఇంగ్లండ్‌లోని సర్రేలో పిల్లలు పశువులను ముట్టుకునే ఒక పొలం వల్ల 93 మందికి ఈ.కోలై సోకింది, చాలామంది పసివాళ్లు, కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కాబట్టి కుళాయి కొట్టం గేటు పక్కనే, పిల్లల ఎత్తులో ఉండాలి. కొట్టానికి, భోజనం చేసే చోటికి మధ్య గోడ ఉండాలి. విరేచనాలవుతున్న దూడను, మేకపిల్లను వెంటనే వేరు చేయాలి. కాచని పాలు ఎవరికీ పోయకూడదు. కోడిపిల్లలను ముద్దు పెట్టుకోనివ్వకూడదు. మట్టి పనికి ముందు ధనుర్వాతం టీకా చూడాలి. పదేళ్లకు, పదహారేళ్లకు వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా బడి మానేసిన పిల్లలకు చాలాసార్లు తప్పిపోతోంది. మట్టి తినే అలవాటున్న పిల్లలకు నులిపురుగుల మాత్ర పడిందో లేదో చూడాలి. మూర్ఛ ఉన్న పిల్లలు నీళ్ల తొట్టి దగ్గర ఒంటరిగా ఉండకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లను ఎండుగడ్డి దులిపే వేళకు దూరంగా ఉంచాలి. నీళ్ల డ్రమ్ములకు మూత, లేకపోతే డెంగీ. కట్టెలు, ఇటుకలు కుప్ప పోయకూడదు, పాములు చేరతాయి.

5. పశువు ఓపికకు కూడా హద్దు రాయండి. ఒక విడతకు ఆరుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలు, 40 నిమిషాలు. రోజుకు రెండు విడతలకు మించి వద్దు. పిల్లలు అడుగుపెట్టని ఒక మూల మేకకు ఉండాలి, అది అక్కడికి వెళితే ఎవరూ లాక్కురాకూడదు. పడుకుని తీరిగ్గా నెమరేస్తున్న మేక నెమ్మదిగా ఉన్నట్టు. చెవులు వెనక్కి వాల్చి, పక్కకు తప్పుకుంటూ, నెమరు మానేసిందంటే ఆ రోజుకు చాలించాలి. వేసవిలో తొమ్మిదిన్నర దాటాక పిల్లలూ వద్దు, మేకలూ వద్దు.

6. మేకను కోతకు అమ్మకూడదని రాతలో పెట్టండి. దసరాకో జాతరకో ఎవరో అడుగుతారు, కేంద్రానికి డబ్బు లేదు, ఇచ్చేస్తారు. మర్నాడు పేరు పెట్టి పిలుస్తూ రెమ్మతో నిలబడిన పిల్ల సంగతి ఎవరూ ఆలోచించరు. మాటలు రాని పిల్ల అడగలేదు, తలను గోడకేసి కొట్టుకుంటుంది. మాయమైనది ఎందుకు మాయమైందో చెప్పే వీలు లేని పిల్లలు వీళ్లు. ముసలిదైన మేకను తెలిసిన రైతు దగ్గర దింపి, పిల్లలను తీసుకెళ్లి చూపించాలి. చచ్చిపోతే చచ్చిపోయిందనే చెప్పాలి, బొమ్మల పట్టీలోంచి దాని బొమ్మ పిల్లల చేతే తీయించాలి.

7. ఇంటి దగ్గరే ఉండిపోయిన పిల్లల సంగతి అన్నిటికంటే ముఖ్యం. నిజానికి ఈ లేఖ వాళ్ల కోసమే మొదలుపెట్టాం. ఊళ్లలో వీళ్ల ఇళ్లకు మేకలు కొనిపెట్టక్కర్లేదు, పెరట్లోనే ఉన్నాయి. కోళ్లు అరుగు మీదే తిరుగుతాయి. కానీ పిల్లను వసారాలో మంచం మీద పడుకోబెట్టి, మేకకు మేత తల్లి వేస్తుంది, గుడ్లు నాయనమ్మ ఏరుతుంది. పాడుచేస్తుందని, పడిపోతుందని పిల్లను దగ్గరికి రానివ్వరు. వాళ్లను తప్పుపట్టలేం, ఎలా చేయించాలో ఎవరూ చూపించలేదు. వారానికోసారి ఇంటికి వెళ్లే ప్రత్యేక ఉపాధ్యాయుడు బ్యాగులోంచి బొమ్మలు తీసి గంట కూర్చుని వస్తున్నాడు. ఆ గంటలో మంచాన్ని కొట్టం పక్కకు జరిపి, పిల్ల ఏ చెయ్యి వైపు రెమ్మ పెట్టాలో, వీపుకు దిండు ఎక్కడ వేయాలో, బుట్టలో గుడ్డు పెట్టించడానికి అడుగున పొట్టు ఎంత పోయాలో తల్లికి చూపిస్తే మిగిలిన ఆరు రోజులూ చికిత్స సాగుతుంది. ఇందుకు కావలసినవి మూడు: ఇంటి దగ్గరి విద్య ప్రణాళిక కాగితంలో దీనికి ఒక గడి, ఉపాధ్యాయులకు ఫిజియోథెరపిస్టు, పశువైద్య సహాయకుడు కలిసి ఇచ్చే మూడు రోజుల శిక్షణ, ఒక్కో ఇంటికి మొక్కలు పెంచే మూడు గ్రో బ్యాగులు, మెంతి, చిక్కుడు, బంతి విత్తనాలు. పట్నంలో థెరపీకి వెళ్లాలంటే ఈ కుటుంబాలకు బస్సు ఖర్చు, ఇద్దరి కూలి పోతాయి. తొమ్మిదేళ్ల పిల్లను చంకన వేసుకుని బస్సు ఎక్కే తల్లి నాలుగు సార్లు వెళ్లి అయిదోసారి మానేస్తుంది. మానేసిన పిల్ల మోకాళ్లు మడతపడి బిగుసుకుపోతాయి, ఆపైన చాలాసార్లు ఆపరేషన్ దాకా వెళ్తుంది.

8. ఫలితం కొలవండి. ఎన్ని మొక్కలు నాటారన్నది మాకు అనవసరం. ప్రతి బిడ్డకూ ఒక రిజిస్టరు పేజీ పెట్టి నాలుగే గడులు గీస్తే చాలు: పనిలో ఎంతసేపు నిలిచింది, ఎన్ని మెట్లు ఎవరూ చెప్పకుండానే చేసింది, ఏ చేతితో ఎంత పట్టు, ఈ రోజు ఎవరితో మాట్లాడింది లేదా సైగ చేసింది. మూడు నెలలకోసారి ఫిజియోథెరపిస్టు ఆ పేజీ చూసి సంతకం పెట్టాలి. మూడు నెలల్లో ఏ మార్పూ లేని బిడ్డకు ఈ పని ఆపి ఇంకోటి చూడాలి.

బడుల్లో పోషకాహార తోటలకు కేంద్ర ప్రభుత్వం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం 2016 పునరావాస సేవలు అందించే బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. పశువుల టీకాలు మీ సిబ్బంది ఊరూరా ఎలాగూ వేస్తున్నారు. కొత్త పథకం అక్కర్లేదు. నాలుగు శాఖలు ఒక్కరోజు కూర్చుని ఎవరి పని ఏదో ఒక ఉమ్మడి ఉత్తర్వులో రాస్తే చాలు. ముందు జిల్లాకు రెండు కేంద్రాల్లో ఏడాది పాటు నడపనివ్వండి. మడి కొలతలు, బొమ్మల పట్టీలు, రిజిస్టరు నమూనా మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, పిలిస్తే తీసుకొస్తాం.

వేసవి సెలవుల లోపు జవాబు ఇవ్వమని కోరుతున్నాం. ఇప్పుడు ఉన్న కొద్ది తోటలకైనా ఆ ఏడు వారాలు నీళ్లు పోసే మనిషి కావాలి.

ఇట్లు,
ప్రత్యేక ఉపాధ్యాయులు, ఫిజియోథెరపిస్టులు, పశువైద్య సహాయకులు, తోటపని శిక్షకులు